అరవయ్యో క్రెడిట్

పోయిన జూన్‌లో, గోధుమ కోతలు ముమ్మరంగా సాగుతున్న ఒక మధ్యాహ్నం, మా లవాన్ అత్త ఆర్వల్ రోర్ లారీని తూచింది. ధాన్యం గోదాము ముందున్న కాటా మీదికి లారీ ఎక్కగానే కిటికీలోంచి తొంగి చూసి, చీటీ మీద నిండు బరువు రాసింది.

"ఆర్వల్, పక్క సీట్లో కుక్క ఉందిగా! తిరిగొచ్చేటప్పుడు కూడా అది లారీలోనే ఉండాలి. మధ్యలో దింపావంటే కుక్కని గోధుమల ధరకి అమ్మినట్టే."

"అమ్మితే నీకేం పోయింది? గోధుమల కంటే దానికే గిరాకీ ఎక్కువ" అన్నాడు ఆర్వల్.

అతను వెళ్లి గోధుమలు దించుకుని, పది నిమిషాల్లో ఖాళీ లారీతో కాటా మీదికి వచ్చాడు. కుక్క సీట్లోనే ఉంది. హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. వెనక నాలుగు లారీలు ఆగాయి. అత్త కుర్చీలో కూర్చునే ఉంది, కలానికి మూత కూడా పెట్టి ఉంది. గుండె ఆగిపోయిందని డాక్టరు తరవాత చెప్పాడు. ఆ చీటీ మీద ఖాళీ బరువు రాయాల్సిన గడి ఖాళీగానే ఉండిపోయింది. ఆర్వల్ దాన్ని తీసుకోనన్నాడు. ఇప్పుడది నా దగ్గరుంది.

లవాన్ అత్త మా నాన్నకి అక్క. పెళ్లి చేసుకోలేదు. నేను పుట్టకముందెప్పుడో పదేళ్లు విచిటా నగరంలో విమానాల ఫ్యాక్టరీలో పని చేసింది. తరవాత మా ఊరు హార్టెన్ వచ్చి కాటా గదిలో కూర్చుంది. ముప్పై ఏళ్ల పైచిలుకు అక్కడే. లోకంలో ప్రతిదానికీ నిండు బరువు, ఖాళీ బరువు ఉంటాయనీ, మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేదే అసలు సరుకనీ ఆమె నమ్మకం. ఫాదర్ గిల్బర్ట్ ఆదివారం ప్రసంగం చేసి దిగాక, "నిండు బరువు నలభై నిమిషాలు ఫాదర్, సరుకు ఆరు నిమిషాలు" అనేది.

నాకు పదిహేనేళ్లప్పుడు, టీచరు కావాలనుందని భోజనాల దగ్గర అన్నాను. నాన్న ఫోర్కు కింద పెట్టేశాడు. ఆయన జిల్లా రోడ్లు చదును చేసే యంత్రం నడిపేవాడు. కాలేజీ అంటే అప్పు. పక్కింటి అమ్మాయి నాలుగేళ్లు చదివి, ఆ అప్పు తీర్చడానికే పెళ్లి వాయిదా వేసుకుంది.

"నాలుగేళ్లూ అక్కడే ఎందుకు చదవాలి బ్రెన్నా?" అంది అత్త. "క్యాంపస్, హాస్టలు, ఫుట్‌బాల్ స్టేడియం, వాళ్ల పచ్చిక. అదంతా లారీ. లారీ బరువుకి మనమెందుకు కట్టాలి? మనక్కావలసింది గోధుమలు."

డిగ్రీకి నూట ఇరవై క్రెడిట్లు. అందులో అరవై చౌకగా వేరే చోట్ల సంపాదించి స్టేట్ కాలేజీకి బదిలీ చేసుకోవచ్చని ఆమె కనిపెట్టింది. హైస్కూల్లో ఉండగానే మా జిల్లా చిన్న కాలేజీలో క్లాసులు తీసుకోవచ్చు. కొన్నిటికి క్లాసే అక్కర్లేదు, పరీక్ష పాసైతే చాలు. మర్నాడే కాటా గది గోడకి అరవై ఖాళీ చీటీలు మేకులు కొట్టి తగిలించింది. క్రెడిట్‌కి ఒక చీటీ. నేను పాసైనకొద్దీ చీటీలు నిండేవి.

అదే పెద్ద పొరపాటయింది. కోతల్లో లారీలు వరస కట్టినప్పుడు డ్రైవర్లకి ఇంకేం పనుంటుంది? గోడ చదివేవాళ్లు.

"తత్వశాస్త్రం మూడు క్రెడిట్లా? ఎవరు కొంటారే దాన్ని?"

"సైకాలజీలో బి తెచ్చుకుందేం? పోయినసారి ఎ కదా!"

"ఆ పిల్లకి లెక్కలు ఇంకా రాలేదేంటి లవాన్? మా వాడినోసారి పంపనా?"

నా మార్కులు జిల్లా మొత్తానికీ తెలిసేవి. కిరాణా కొట్లో డబ్బులిస్తుంటే, "అమెరికా చరిత్ర రెండో భాగం ఎప్పుడమ్మా?" అని అడిగేవాళ్లు. అత్త మాత్రం నేనేం చేసినా ఒకటే ప్రశ్న వేసేది. అగ్నిమాపక దళంలో వారం రోజుల ప్రథమ చికిత్స నేర్చుకుంటే "బదిలీ అవుతుందా?" అంది. అయింది, రెండు క్రెడిట్లు. చర్చిలో ఆర్గన్ వాయిస్తే "బదిలీ అవుతుందా?" అంది. కాలేదు, మానిపించింది. పదహారో ఏట కోళ్ల ఫామ్ వాళ్ల అబ్బాయితో రెండుసార్లు సినిమాకి వెళ్తే, గుమ్మంలోనే ఆపి అదే అడిగింది.

"అత్తా! అతను మనిషి!"

"మనిషే. కోర్సు నంబరు లేదు. తొమ్మిదింటికల్లా ఇంటికి రా."

2016 ఆగస్టులో, నా హైస్కూల్ ఆఖరి ఏడాదిలో, పిడుగు పడింది. అత్త స్టేట్ కాలేజీకి ఫోన్ చేసింది. అక్కడ రికార్డులు చూసే మిస్ ప్రూయిట్ అనే ఆవిడ దొరికింది. స్పీకర్ పెట్టారు కాబట్టి నేనూ విన్నాను, బయట లారీలో ఉన్న ముగ్గురూ విన్నారు.

"మీ అమ్మాయి ఈ డిసెంబరుకల్లా అరవై పూర్తి చేస్తే మొత్తం ఒక మూటగా తీసుకుంటామండీ. జనవరి నుంచి రూలు మారుతోంది. మూట విప్పి ఒక్కోటీ విడిగా చూస్తాం. అలా చూస్తే ఇరవై నాలుగు పోతాయి."

ఇరవై నాలుగంటే దాదాపు ఒక ఏడాది చదువు. అంటే ఏ అప్పు నుంచి తప్పించుకోవాలని మేం రెండేళ్లుగా పాకులాడుతున్నామో, ఆ అప్పే.

"డిసెంబరుకి అరవై వచ్చేస్తాయి" అంది అత్త.

"యాభై తొమ్మిదే వస్తాయండీ. వ్యాయామం ఒక క్రెడిట్ లేదు."

అత్త నావైపు చూసింది. వ్యాయామానికి ఉంచాల్సిన చీటీ మీద కూడా ఆమె ఎప్పుడో పొరపాటున ప్రథమ చికిత్స రాసేసుకుంది. రెండు క్రెడిట్ల కోర్సుకి మూడు చీటీలు నిండాయి. ముప్పై ఏళ్లలో ఆమె కాటా తప్పడం నేనెరిగి అదొక్కసారే.

"అమ్మా, ఈ పిల్ల వేసవంతా గడ్డి మోపులు ఎత్తింది. ఒక్కోటి ముప్పై కిలోలు. అది వ్యాయామం కాదా?"

"గడ్డి మోపులకి కోర్సు నంబరు లేదండీ."

అత్త ఫోన్ పెట్టేసింది. తన మాటే తనకి తగిలింది.

ఆ సెమిస్టర్‌లో మా చిన్న కాలేజీలో మిగిలిన వ్యాయామ క్లాసు ఒక్కటే. బౌలింగ్. మంగళవారం మధ్యాహ్నాలు, మా ఊళ్లోనే, ఎనిమిది వరసల సన్‌ఫ్లవర్ హాల్లో. బరువైన బంతిని నున్నటి చెక్క మీద దొర్లించి, అవతలి చివర నిలబెట్టిన పది చెక్క బొమ్మలని పడగొట్టాలి. కనీసం పదిమంది చేరితేనే క్లాసు నడుస్తుంది. మేం చూసేసరికి చేరింది సున్నా. నేను చేరితే ఒకటి.

అరవై ఏళ్లు దాటినవాళ్లకి మా కాలేజీలో ఫీజు లేదన్న సంగతి అత్తకి తెలుసు. ఆమెకప్పుడే అరవై ఒకటి నిండాయి. ఆ ఆదివారం పూజ అయ్యాక, చర్చి నేలమాళిగలో బీరాక్‌లు పెడుతున్నారు. క్యాబేజీ, మాంసం కూరిన ఆ వేడి రొట్టెలు తినేటప్పుడు మా ఊరివాళ్లు దేనికైనా ఒప్పుకుంటారు. అత్త కాటా చీటీల పుస్తకంతో బల్ల బల్లకీ తిరిగింది.

"నాకు తుంటి మార్చారు లవాన్" అన్నాడు ఆర్వల్. అప్పటికి అతనికి డెబ్బై ఒకటి.

"ఏ వైపు?"

"ఎడమ."

"ఇంకేం, కుడిచేత్తో వెయ్యి. సంతకం పెట్టు."

"ఎనిమిదో తరగతి తరవాత నేను బడి మొహం చూడలేదే!"

"అందుకే నీకు బదిలీ బాధల్లేవు."

ఫాదర్ గిల్బర్ట్ సంతకం పెట్టాడు. పోస్టాఫీసులో రిటైరైన కవలలిద్దరూ పెట్టారు. సాయంత్రానికి తొమ్మిదిమంది ముసలివాళ్లు, అత్తతో కలిపి. నేను పదో విద్యార్థిని.

మాకు పాఠం చెప్పడానికి వచ్చినవాడు కోచ్ డస్టిన్. ఇరవై నాలుగేళ్లవాడు, ఫుట్‌బాల్ సహాయకుడు, బౌలింగ్ అతని నెత్తిన పడ్డ పని. తలుపు తీసి మమ్మల్ని చూసి, "సారీ, ఇక్కడ క్లాసుంది. చర్చి మీటింగ్ ఎక్కడో కనుక్కోండి" అన్నాడు.

"మేమే క్లాసు నాయనా" అంది అత్త.

అతను కాగితం చూసి చదివాడు. "నియమాలు. ఒకటి, గర్భిణులు ముందుగా చెప్పాలి." ఒక్కొక్కరి మొహం చూశాడు. "సరే. రెండు, హాస్టల్ గదులకి పార్టీ సామాన్లు తీసుకెళ్లకూడదు."

"తీసుకెళ్లంలే" అని ఫాదర్ మాటిచ్చాడు.

ఆట మొత్తం మీద గరిష్ఠం మూడు వందలనీ, అది ఎవరికీ రాదనీ, మాకు వంద వస్తే చాలనీ కోచ్ చెప్పాడు. అందరికీ ఫొటోతో విద్యార్థి కార్డులిచ్చారు. ఆర్వల్ ఆ కార్డు చూపించి పిజ్జా కొట్లో పదిశాతం తగ్గింపు తెచ్చుకున్నాడు. మర్నాడు ఎరువుల కొట్లో కూడా అడిగాడు. వాళ్లివ్వలేదని వారం రోజులు వాళ్లతో మాట్లాడలేదు.

అసలు గండం సెమిస్టర్‌లో ఇరవయ్యో పనిరోజు. ఆ రోజుకి పేర్లు లెక్కపెడతారు. తొమ్మిదికి దిగితే క్లాసు రద్దు. రెండో మంగళవారమే ఆర్వల్‌కి నలభై ఒకటి వచ్చింది, అందరికంటే అడుగున. మూడో మంగళవారం ముప్పై ఎనిమిది. బంతి పోయి పోయి చెక్క పక్కనున్న సన్నటి కాలువలో పడేది, ఒక్క బొమ్మా పడేది కాదు. పోస్టాఫీసు కవలలు నవ్వారు. అతను బూట్లు విప్పి బల్ల మీద పెట్టాడు.

"పేరు కొట్టేయించుకుంటాను. ఊరంతా నలభై ఏళ్లుగా నా గోధుమల్ని చూసి కుళ్లుకునేది. ఇప్పుడు చూడు, ఈ పోస్టాఫీసు వాళ్ల చేత నవ్వించుకుంటున్నాను."

"ఆర్వల్ మామయ్యా, ఒక్క రెండు వారాలు" అన్నాను.

"నీ మీద కోపం లేదమ్మా. కానీ అడుగున ఉండటం నా వల్ల కాదు. డెబ్బై ఏళ్లు వచ్చాక కాదు."

అప్పటిదాకా అత్తకి తొంభై, తొంభై అయిదు వస్తుండేవి, ఎవరూ పట్టించుకోలేదు. తన వంతొచ్చింది. బంతి తీసుకుని వేసింది. కాలువలో పడింది. మళ్లీ వేసింది, మళ్లీ కాలువ. ఆ రోజు ఆమెకి ఇరవై తొమ్మిది.

"లవాన్! కాటా మీద వెయ్యి, అక్కడైనా తిన్నగా పడుతుందేమో!" అన్నాడు ఆర్వల్. అంటూనే బూట్లు తొడుక్కున్నాడు.

ఆ రోజు నుంచి అత్త అడుగునే. ముప్పై ఒకటి. ఇరవై ఏడు. ఒకసారి బంతి వెనక్కి జారి కోచ్ డస్టిన్ కాఫీ మీద పడింది. ఊరంతా నవ్వుకుంది. గోదాము దగ్గర డ్రైవర్లు నా చీటీలు చదవడం మానేసి ఆమె స్కోరు అడగడం మొదలుపెట్టారు. ఆర్వల్ ప్రతి మంగళవారం అరగంట ముందే వచ్చి, ఆమెకి బంతి ఎలా పట్టుకోవాలో నేర్పేవాడు.

"బొటనవేలు వదులు చెయ్యి లవాన్. ఇలా. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"నీలాగా నాకు ఒళ్లు వంగదు ఆర్వల్."

ఇరవయ్యో రోజు దాటింది. పదిమందీ ఉన్నారు. కానీ ఆమె ఆట బాగుపడలేదు. డిసెంబరు దాకా అంతే. నేనూ ఊరుకోలేదు. "అత్తా, కళ్లు మూసుకుని వేసినా నీకంటే ఎక్కువొస్తుంది" అన్నాను.

"గోతాల దొంతర నిలబడాలంటే ఏదో ఒకటి అడుగున ఉండాలి కదే" అంది.

సెమిస్టర్ ఆఖరున కోచ్ డస్టిన్ గ్రేడ్లు ఇచ్చాడు. నాకు ఎ. ఆర్వల్‌కి బి, దాన్ని చట్రం కట్టించి గోడకి తగిలించాడు. అత్తకి డి.

"డి అయితే బదిలీ కాదు" అన్నాను నవ్వుతూ.

"ఎక్కడికి పోతుంది? ఇక్కడే ఉంటుంది" అంది.

అరవయ్యో చీటీ నిండింది. మిస్ ప్రూయిట్ మూటని విప్పకుండా తీసుకుంది. పద్దెనిమిదేళ్లకి నేను మూడో ఏడాది విద్యార్థినిగా కాలేజీ మెట్లెక్కాను. హైస్కూల్ నుంచి నేరుగా వచ్చిన వాళ్లందరూ హాజరవ్వాలన్నారు కాబట్టి, 'మీకు ఇష్టమైన సబ్జెక్టు కనుక్కోవడం ఎలా' అనే మొదటేడు క్లాసులో కూర్చున్నాను. అదే మధ్యాహ్నం రెండంతస్తులు ఎక్కి డిగ్రీ పట్టాకి పెట్టుకునే దరఖాస్తు కాగితాలు తెచ్చుకున్నాను. ఇరవయ్యో ఏట డిగ్రీ వచ్చింది. అప్పు లేదు. ఇప్పుడు మా ఊరి బడిలోనే అయిదో తరగతికి చెబుతున్నాను. ఆర్వల్ మనవరాలు నా క్లాసులోనే ఉంది, భిన్నాలు రావు.

అంత్యక్రియలు అయిన వారానికి నాన్నా నేనూ అత్త ఇల్లు సర్దాం. బట్టల అలమారలో, చలి కోట్ల వెనక, బాగా పాతబడిన ఎర్ర తోలు సంచీ దొరికింది. ఎత్తబోతే చెయ్యి కిందికి లాగేసింది. లోపల నల్లటి బౌలింగ్ బంతి. మూడు వేళ్ల కన్నాలు, పక్కన ఎల్.డి. అని చెక్కి ఉంది. కన్నాల్లో నా వేళ్లు పెట్టి చూశాను. వదులుగా ఉన్నాయి. అత్త చేతులు పెద్దవి.

సంచీ పక్క జేబులో మడత పెట్టిన స్కోరు కాగితం ఉంది. విచిటా, ఫ్యాక్టరీ మహిళల జట్టు, మార్చి 1983. లవాన్ డ్రైలింగ్, రెండు వందల డెబ్బై తొమ్మిది.