పదకొండూ ఇరవైకి గీసిన బొమ్మ

మెర్విన్ టుల్లక్ ఎవరి దగ్గరా ఉద్యోగం చేయలేదు. పత్రికలకు జోకు బొమ్మలు పంపేవాడు. రగ్బీ క్లబ్బు విందుల్లోనూ, పదవీ విరమణ సభల్లోనూ, అన్నిటికంటే ఎక్కువగా మా పడమటి జిల్లాల్లో ఊరూరా జరిగే వ్యవసాయ ప్రదర్శనల్లోనూ ఒక కుర్చీ వేసుకుని, ఎదుట కూర్చున్నవాళ్ల ముఖాలను సాగదీసి గీసేవాడు. పాత పుస్తకాలు అమ్ముకుంటూ నేనూ అవే ఊళ్లు తిరిగాను కాబట్టి ముప్పై ఏళ్లు మా బల్లలు పక్కపక్కనే ఉన్నాయి.

మావైపు ఇష్టమైనవాణ్ని ఎగతాళి చేస్తాం. మర్యాదగా మాట్లాడామంటే ఎక్కడో తేడా వచ్చిందన్నమాట. మెర్విన్ బొమ్మ ఎంత ఘోరంగా కుదిరితే అంత ఆప్యాయంగా పట్టుకెళ్లి మరుగుదొడ్డి గోడకు తగిలించుకునేవాళ్లు. మా ఇళ్లలో అంతకు మించిన గౌరవస్థానం లేదు.

అతని పద్ధతి ఒకటే. మనిషిని మాట్లాడిస్తూ రెండు నిమిషాలు కాగితం ముట్టేవాడు కాదు. ముఖంలోని రెండు సగాలకూ ఎక్కడ పొత్తు కుదరడంలేదో వెతికేవాడు. “ఒక సగం దేవుడు చేసి రెండో సగం పనివాళ్లకి ఒదిలేశాడు. నేను పనివాళ్ల పనితనం చూపిస్తానంతే” అనేవాడు. వైద్యుడు వెతికేదీ అదేనని అప్పట్లో నాకు తట్టలేదు. రెండువేల ఏళ్ల కిందటి వైద్యులు చావబోయేవాడి ముక్కు, కణతలు ఎలా మారతాయో పూసగుచ్చినట్టు రాసి పెట్టారు. అవన్నీ చదివినవాణ్నే. చదివి ఏం లాభం? ఆ రోజు నేనూ నవ్వాను.

పదిహేనేళ్ల కిందట యారంబా అనే ఊళ్లో జరిగిన ప్రదర్శనలో, శనివారం పొద్దున. క్లెమ్ రాఫర్టీ వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఉన్నికి రకం కట్టడం అతని పని. కత్తిరించిన ఉన్నిని వేళ్ల మధ్య నలిపి అది ఏ తరగతిదో కళ్లు మూసుకుని చెప్పగలడు. ఏటా మెర్విన్ చేత బొమ్మ గీయించుకుంటాడు. వెనక భార్య నోరీన్ నిలబడింది.

“ఏరా, ఈసారైనా జుట్టు గీస్తావా?” అన్నాడు క్లెమ్.

“ఉంటే గీయనా? ముందు కుర్చీ గట్టిగా పట్టుకో. ఆ చెవులకి గాలి తగిలిందంటే ఎగిరిపోతావ్.”

క్లెమ్ నవ్వాడు. నోటి ఎడమ కొస లేచింది, కుడి కొస లేవలేదు. మెర్విన్ కళ్లు మెరిశాయి. పన్నెండేళ్లుగా గీస్తున్న ముఖంలో కొత్త సంగతి దొరికింది! అప్పుడే మైకులో దుంగలు నరికే గొడ్డలి పోటీ ఫైనల్ మొదలవుతోందని అరిచారు. ఆ దుంగలు తెగేలోపు బొమ్మ అయిపోయింది. సగం నోరు విరగబడి నవ్వుతోంది, సగం నోరు నిద్రపోతోంది. వరసలో నిలబడ్డవాళ్లందరూ ఘొల్లుమన్నారు.

“నేను మాట్లాడుతుంటే పెట్టే మొహం ఇదే! సగం వింటాడు, సగం పడుకుంటాడు” అంది నోరీన్.

“నా నోరు ఇలా ఎప్పుడుందిరా?” అన్నాడు క్లెమ్.

“ఇప్పుడుంది” అన్నాడు మెర్విన్. మళ్లీ నవ్వులు.

రెండు గంటలకు, పశువుల పోటీ దగ్గర టీ తాగుతూ క్లెమ్ పడిపోయాడు. కప్పు ముందు జారింది, తర్వాత మనిషి.

ఆ ఊరి ఆసుపత్రిలో తల లోపలికి చూసే యంత్రం లేదు. అంబులెన్సులో రెండువందల కిలోమీటర్లు తీసుకెళ్లారు. నోరీన్‌ను మెర్విన్ తన కారులో ఎక్కించుకున్నాడు, నేను వెనక కూర్చున్నాను. చుట్టచుట్టిన బొమ్మ ఆమె ఒళ్లోనే ఉంది.

అయిదు గంటలకు ఒక చిన్నవయసు డాక్టరమ్మ మా దగ్గరికొచ్చింది. “పక్షవాతం. మెదడులో రక్తం గడ్డ కట్టింది. కరిగించే మందుంది. కానీ మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. దాటాక ఇస్తే తలలో రక్తం చిమ్మి ప్రాణం పోవచ్చు. ఆయన చివరిసారి మామూలుగా ఎప్పుడున్నారు?”

“రెండింటికి” అంది నోరీన్. “నాతో మాట్లాడుతూనే ఉన్నాడు.”

“అయితే టైముంది.”

డాక్టరమ్మ వెనక్కి తిరిగింది. మెర్విన్ నేల చూపులు చూస్తున్నాడు. ఊరుకుంటే మందు పడుతుంది. క్లెమ్ లేచి నడవొచ్చు, లేదా అక్కడే పోవచ్చు. ఊరుకున్నాడని ఎవరికీ తెలియదు.

“పదకొండూ ఇరవై” అన్నాడు.

“ఏమిటండీ?”

“నోరు అప్పటికే వాలిపోయింది. గొడ్డలి పోటీ ఫైనల్ అప్పుడు. నేను చూశా.”

“సరిగ్గా చూశారా?”

“చూడ్డమే నా పనమ్మా.”

నోరీన్ అతని చొక్కా పట్టుకుంది. “అది నీ వెక్కిరింత కదా! జోకని చెప్పు మెర్వ్. నీకు దణ్ణం పెడతా, జోకని చెప్పు!”

“లేనిది నేనెప్పుడూ గీయలేదు నోరీన్.”

డాక్టరమ్మ ఆమె చేతిలోని బొమ్మ తీసుకుని, దీపం కిందికి వెళ్లి విప్పి చూసింది. చాలాసేపు చూసింది. మందు ఇవ్వలేదు.

క్లెమ్ బతికాడు. కుడి చెయ్యి పోయింది, ఉన్ని గుణం తెలిసిన వేళ్లు అవే. మాట కూడా పోయింది. ఒకటో రెండో ముక్కలు మిగిలాయి. నోరీన్ మెర్విన్‌తో మాట్లాడటం మానేసింది.

నాలుగు నెలలు అతను పెన్సిల్ పట్టలేదు. తర్వాత పొట్టకోసం పట్టాడు. కానీ ముఖంలో కాస్త వంకర కనిపిస్తే చాలు, ముందు రెండు చేతులూ ఎత్తమనేవాడు, ఊరి పేరు చెప్పమనేవాడు. పక్షవాతం ఉందేమోనని చూసే పద్ధతి అది. “బొమ్మ గీయించుకోడానికొచ్చామా, పోలీసులకి లొంగిపోడానికా?” అని వరసలోవాళ్లు గేలిచేసేవాళ్లు. అతను ఆపి అడిగినవాళ్లందరివీ పుట్టు వంకరలే. ఒకావిడ “మా అమ్మ మొహం కూడా ఇంతే, తెలుసా?” అని తిట్టి లేచిపోయింది. అయినా అడగడం మానలేదు.

ఆ వసంతంలో ఒక ప్రదర్శనలో నోరీన్ అతని బల్ల దగ్గరకొచ్చింది. కుర్చీలో కూర్చోలేదు.

“నువ్వు ఆసుపత్రిలో నోరు మూసుకోవాల్సిందని ఒకరోజు అనిపిస్తుంది. పదకొండింటికే నోరు తెరవాల్సిందని ఇంకోరోజు. ఏ రోజు ఏ కోపమో లేస్తేగానీ తెలీదు.”

“రెండూ న్యాయమే.”

“న్యాయమని నాకూ తెలుసు, నువ్వు చెప్పక్కర్లేదు.” గొడ్డలి చప్పుళ్లు వినిపిస్తున్న వైపు తిరిగింది. “గురువారం నేను బజారుకి పోవాలి. క్లెమ్ దగ్గర ఎవరైనా ఉండాలి. వస్తావా?”

“వస్తా.”

“పెన్సిల్ తేకు.”

అప్పటి నుంచి గురువారాలు అతను ఏ ప్రదర్శనకూ వెళ్లలేదు. అక్కడ ఏం చేస్తావని ఒకసారి అడిగాను. మొదటి గురువారమంతా కిటికీ వైపే చూస్తూ కూర్చున్నానన్నాడు. రెండో వారం క్లెమ్ ఎడమ చెయ్యి చాచి, మెర్విన్ గడ్డం పట్టుకుని ముఖాన్ని తనవైపు తిప్పుకున్నాడట. మెర్విన్ తన ముఖంలోకి చూసేదాకా ఆ చెయ్యి తియ్యలేదట.