మింగని మందు

తేయాకు గోదాములో నాలుకయ్యను ఎరగనివాడు లేడు. అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఎక్కడా మిగల్లేదు. పల్లెబడిలో ఐదు చదివి, పట్టాలు పుచ్చుకున్న పదకొండుమందిని వెనక్కి నెట్టి రుచి బల్ల ముందు కుర్చీ సంపాదించిన మనిషి. నలభై కప్పులు వరసగా పెడితే చెంచాడు చెంచాడు సర్రున పీల్చి, నోరంతా తిప్పి, ఇత్తడి తొట్టిలో ఉమ్మి, ఏ ఆకు తడిసిందో ఏది మాడిందో చెప్పేసేవాడు. ముప్పైనాలుగేళ్లలో బల్ల దగ్గర ఒక్క చుక్క గొంతు దిగలేదు. "మింగేవాడు తాగుబోతు, ఉమ్మేవాడు పనివాడు" అనేది కొత్తవాళ్లకు ఆయన చెప్పే తొలి పాఠం.

కిడ్నీలు చెడిపోతే చెల్లెలు తనదొకటి ఇచ్చింది. పరాయి కిడ్నీని ఒళ్లు తరిమెయ్యకుండా రోజూ మాత్రలు వెయ్యాలి. అవి కిడ్నీని కాపాడాయి గానీ ఒంటి కాపలాను నిద్రపుచ్చాయి. ఆరో నెలలో నాలుక మీద విరిగిన పెరుగులాంటి తెల్లటి పొర కట్టింది. గీకితే రక్తం. ఏ కప్పు చూసినా నానిన అట్టముక్క రుచి. కొత్త పంట రావడానికి ఇరవై రోజులుంది. ఆనాటికి నాలుక పలక్కపోతే కుర్చీ దక్కదు.

డాక్టరమ్మ నోట్లో లైటు వేసి చూసింది.

"ఫంగస్ పెద్దాయనా. మీరు వేసుకునే మాత్రలతో ఒంట్లో శక్తి తగ్గి ఇలా పడుతుంది. ఈ మందు రోజుకి నాలుగుసార్లు నోట్లో బాగా తిప్పి మింగండి. లేకపోతే ఇది గొంతులోకీ పాకుతుంది."

"నోట్లో తిప్పడం నాకు నేర్పుతున్నారా తల్లీ!" అని నవ్వాడు. మిగతా మాట చెవినెక్కలేదు.

తిప్పాడు. అంత శ్రద్ధగా ఆ మందు తిప్పిన రోగి ఇంకొకడు ఉండడు. తర్వాత ఉమ్మాడు.

పదో రోజుకి తెల్ల పొర పోయి నాలుక మళ్లీ ఎర్రబడింది. గెలిచాననుకున్నాడు. కానీ ముద్ద మింగితే గాజుపెంకు దిగినట్టుండేది. ఎవరికీ చెప్పలేదు. ఒక ఉదయం చెల్లెలు సింకు దగ్గర పట్టుకుంది.

"అన్నయ్యా, మందు ఉమ్మేస్తున్నావేంటి?"

"నోటి జబ్బుకి నోటి మందు. కడుపులోకెందుకే?"

"డాక్టరమ్మ మింగమంది కదా!"

"నోటి సంగతి ఆవిడకేం తెలుసు? నేను ఉమ్మితే సరుకు ధర మారిపోతుంది."

"కోయించుకుని ఇచ్చినదాన్ని నేను. నా మొహం చూసైనా మింగు. గొప్పలు ఎలాగూ మింగలేవు!"

ఆయన పంపు తిప్పి సింకు కడిగేశాడు.

కొత్త పంట వచ్చిన రోజు నాలుకయ్య ఆసుపత్రి మంచం మీద, చేతికి సెలైనుతో ఉన్నాడు. గొంతు పొడుగునా అదే తెలుపు. ఉమ్మి కూడా దిగడం లేదు. నాలుగో రోజు, ఆయన దగ్గర పని నేర్చిన అమ్మాయి చూడటానికి వచ్చింది.

"నలభై కప్పులూ చూశాను గురువుగారూ. ఒక్కటీ తప్పలేదు." గొంతు తగ్గించింది. "కుర్చీలో ఇక నన్నే ఉండమన్నారు. మీరు దీవిస్తేనే కూర్చుంటాను."

ఆయన గొంతు వైపు వేలు చూపించి, నొప్పితో మాట రాదన్నట్టు తలాడించి, గోడ వైపు తిరిగాడు. ఆ పిల్ల కాళ్లకు మొక్కి వెళ్లిపోయింది.

నిజానికి ఆ పూట గొంతు కాస్త తెరిపిగానే ఉంది.