అనసూర్య చెప్పని మాట

గోదావరిఖనిలో మొదటి షిఫ్టు విడిచే వేళకి గని కార్మికుల బస్తీలో ఆడవాళ్లు ఊరి రేడియో పెట్టేది పాటల కోసం కాదు, అందులో అనౌన్సరు అనసూర్య చెప్పే ఒక్క మాట కోసం. "మొదటి షిఫ్టోళ్లు అందరు పైకొచ్చిన్రు. ఇగ అన్నాలు పెట్టుండ్రి" అనేది. అంతే, ఇంటింటా రేడియోలు టక్కున ఆగిపోయేవి. గనిలోకి ఫోను తీసుకుపోనివ్వరు కదా, ఇంట్లో ఉన్న మనిషికి ఇంకేం ఆధారం?

ఆ మాట అనసూర్య ఊరికే అనేది కాదు. గని మీద ల్యాంపు రూంలో ముత్యం ఉంటాడు. దిగేటప్పుడు ప్రతి కార్మికుడూ తలదీపం తీసుకునేదీ, పైకొచ్చాక తిరిగిచ్చేదీ ఆయన చేతికే. దీపాలన్నీ చేరితే మనుషులంతా చేరినట్టు. అనసూర్య ఫోను చేస్తే "అందరొచ్చిన్రు బిడ్డా" అంటాడు. అప్పుడే మైకు తెరిచేది. దీపాల లెక్క తేలని నాడు ఆయన ఫోనెత్తడు. ఆ నాడు రేడియో మూగపోయేది. చప్పుడు లేదంటేనే గనిలో ఏదో అయిందని బస్తీకి అర్థమయ్యేది, ఆడవాళ్లు పొయ్యి ఆపి బయటికొచ్చేవాళ్లు. గని కార్మికుడి బిడ్డ అనసూర్య. వాళ్లమ్మ గడపలో నిలబడి ఎదురుచూడటం చూస్తూ పెరిగింది కాబట్టే ఈ పద్ధతి పెట్టింది.

రాంప్రసాద్‌కి ఇవన్నీ తెలియవా? ఎందుకు తెలియవు! స్టేషన్ మేనేజరు, పక్కనే ఉన్న జ్యోతినగర్ క్వార్టర్స్‌లో పుట్టి పెరిగినవాడు. కార్యక్రమాలు వాటంతట అవే నడిచే సాఫ్ట్‌వేర్ పెడదామని కూర్చుని, రెండు రకాలు తెచ్చి చూపించాడు. ఒకటి ఆగమన్నచోట ఆగి, మనిషి బటన్ నొక్కేదాకా కదలదు. రెండోది దేనికీ ఆగదు. కాసేపు చప్పుడు లేకపోతే చాలు, లోపల దాచిన రికార్డు ఏదో ఒకటి తీసి వినిపిస్తుంది.

"సారు, నాకు ఆగేదే గావాలె" అంది అనసూర్య. "ముత్యం చిన్నాయన ఫోనెత్తకుంటె నేనేం జెప్పాలె? సప్పుడు జెయ్యకుంటనే ఉండాలె."

"అలా ఖాళీగా వదిలేస్తే స్టేషన్ మూతపడిందనుకుంటారండీ. రెండోదే తీసుకుందాం. మీకూ పని తగ్గుతుంది."

పని తగ్గించమని ఈ మహానుభావుణ్ణి ఎవరడిగారు? అడిగింది వదిలేసి అడగనిది నెత్తిన పెట్టాడు. రెండోదే వచ్చింది. బిగించిన రోజు "గొంతు ఎలా వస్తుందో చూద్దాం, ఏదైనా చెప్పండి" అంటే, అనసూర్య నోటికి అలవాటైన ఆ మాటే చెప్పింది. ఆయనగారు దాన్ని చెరిపేయాలా వద్దా? స్పష్టంగా వచ్చిందని మురిసిపోయి, ఖాళీ నింపే రికార్డుల్లో పడేశాడు. ఆమెతో ఒక్క ముక్క చెబితే సొమ్మేం పోయేది!

నాలుగు రోజులకే గనిలో పైకప్పు కూలింది. ఆ సంగతి బస్తీలో ఇంకా ఎవరికీ తెలియదు. షిఫ్టు విడిచింది. అనసూర్య ఫోను చేసింది, ముత్యం ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఫోను చెవి దగ్గర ఉండగానే స్టూడియో స్పీకర్లోంచి తన గొంతు తనకే వినిపించింది. "మొదటి షిఫ్టోళ్లు అందరు పైకొచ్చిన్రు. ఇగ అన్నాలు పెట్టుండ్రి."

"అయ్యో! సారు, ఆపుండ్రి! నేననలే!" అని కేకేసింది. రాంప్రసాద్ పరుగెత్తుకొచ్చి మౌసు పట్టుకుని తడబడ్డాడు. ఎలాగో మైకు తెరుచుకుంది. "అది నిజం గాదు, ఇంకా కబురు రాలే" అని గొంతు చించుకుంది. ఏం లాభం? అప్పటికే బస్తీ రేడియోలన్నీ ఆగిపోయాయి.

ఆ షిఫ్టులో దిగిన పోశం భార్య సమ్మవ్వ కూడా ఆపేసింది. కంచంలో అన్నం పెట్టి మూత పెట్టింది. పోశంతో కలిసి పనిచేసే సదయ్య ఉరుక్కుంటూ వచ్చి "వదినె, జల్ది పా, అన్నకు దెబ్బ తాకింది" అంటే, తాగి వచ్చాడనుకుని కసిరింది. "ఇప్పుడే అనసూర్య చెప్పింది, అందరొచ్చిన్రని. పోరా!" అని తలుపేసింది. అతను ఏడ్చి మొత్తుకుని, పక్కింటివాళ్లను పిలిచి ఆమెను కదిలించేసరికి, పోశాన్ని దవాఖానకి తీసుకుపోయారు. దారిలో ప్రాణం పోయింది.

మర్నాడు అనసూర్య ఆ ఇంటికి వెళ్లింది. సమ్మవ్వ ఆమెను తిట్టలేదు, కొట్టలేదు.

"పైకి తెచ్చినంక మాట్లాడిండట. సమ్మి ఏదని అడిగిండట" అంది. "నేను నీ మాట మీద కూసున్న బిడ్డా."

అక్కడినుంచి అనసూర్య తిన్నగా స్టేషన్‌కి వచ్చింది. రాంప్రసాద్ ఎదురొచ్చాడు.

"ఆ రికార్డు తీసేశానండీ. సాఫ్ట్‌వేర్ తప్పేం లేదు, సెట్టింగ్ పొరపాటు. ఇక సరిపోయినట్టే."

"సరిపోయిందా సారు? సమ్మవ్వకు జెప్పుండ్రి పోయి, సరిపోయిందని!"

అనసూర్య స్టూడియోలోకి వెళ్లి తలుపు గడియ వేసుకుని మైకు ముందు కూర్చుంది.

"నేను అనసూర్యను. నిన్న మీరిన్నది నేను జెప్పలే. నా గొంతు పెట్టి మిషిని జెప్పింది. ఇగ మీద ఈ రేడియోల నా గొంతు ఇనబడితే నమ్మకుండ్రి. షిఫ్టు విడిచెటాళ్లకు గని గేటు కాడికి పోండ్రి. మీ మనిషిని మీ కండ్లతోని సూసుకోండ్రి."

అద్దం అవతల రాంప్రసాద్ వద్దు వద్దంటూ చేతులు ఊపుతున్నాడు. ఆమె అదే మాట మళ్లీ మళ్లీ చెప్పి లేచింది.

ఆ రోజు షిఫ్టు విడిచేసరికి గేటు ముందు ఆడవాళ్లు కిక్కిరిసిపోయారు. అనసూర్య కూడా వెళ్లి వాళ్ల మధ్య నిలబడింది.