గుట్ట మీద ఎర్రగుడ్డలు

మాది ఎడపల్లి వైపు. నేల పళ్లెంలా చదునుగా ఉంటుంది. వరి, చెరకు, మధ్యలో కాలువ, మళ్లీ వరి. చిన్నప్పుడు నేను ఎక్కిన అన్నిటికన్నా ఎత్తైన చోటు చెరకు లోడు చేసిన ట్రాక్టరు. తర్వాత విలేకరిగా జిల్లా అంతా తిరిగినా గుట్టల గురించి నాకు తెలిసింది వార్తల మేరకే. ఒకచోట క్వారీ గొడవ, ఇంకొకచోట ఎలుగుబంటి, మరోచోట జాతర. కింద నిలబడి, కింద ఉన్నవాళ్లను అడిగి, కిందే కూర్చుని రాసి పంపేవాణ్ని.

నా భార్యది కమ్మర్‌పల్లి దగ్గర గుట్టను ఆనుకుని ఉన్న ఊరు. ఆమె అక్కను ఆ గుట్టకు అవతలి ఊరికి ఇచ్చారు. రోడ్డు మీద పోవాలంటే గుట్టను చుట్టి ఆటోలు మారాలి. గుట్ట మీదుగా అయితే ఒక కాలిబాట ఉంది. పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఇంట్లో ఎవరికీ తీరిక ఉండేది కాదట. అక్క మీద మనసు పోయినప్పుడు ఈమె మక్కగారెలు మూటగట్టుకుని, మేకలు కాసేవాళ్ల వెంట గుట్ట దాటి, పొద్దుగూకేలోపు అక్క వాకిట్లో ఉండేదట. పెళ్లయి నిజామాబాద్ వచ్చాక కూడా ఆ బాట సంగతి చెప్పని పండుగ లేదు. ఆటోలో అక్క ఇంటికి పోయి వచ్చిన ప్రతిసారీ ఒకటే మాట. "పోయిన గని పోయినట్టు లేదు."

కిందటేడు ఆమె కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. బాగానే కుదిరింది. నడిస్తేనే కాలు మాట వింటుందని డాక్టరు చెప్పాడు. ఆమె నడవలేదు. సోఫాలోంచి లేవడానికే నొప్పని భయం. నేను రోజూ చెప్పేవాణ్ని, ఆమె రోజూ ఒకే జవాబు ఇచ్చేది.

"ఏడికి నడవాలె? హాల్ల కెల్లి వంటింట్లకా? దానికి కొత్త మోకాలెందుకు?"

నెలలు గడిచాయి. ఒకనాడు అక్కతో ఫోన్ మాట్లాడి పెట్టేసి, నా వైపు తిరిగి చెప్పింది. "ఒక్కసారి గుట్ట మీదికెల్లి అక్క ఇంటికి పోత. పోతే మంచిది. పోలేకపోతే ఇగ నన్ను ఎవలూ నడువుమనొద్దు. నువ్వు సుత."

ఆమె మాట అంటే మాటే. ఆ గుట్ట దాటలేకపోతే ఆ సోఫా ఆమెకు శాశ్వతం అవుతుందని నాకు అర్థమైంది. డాక్టరు మాత్రం కర్ర పట్టుకుని, తోడు ఉంటే, నెమ్మదిగా పోవచ్చన్నాడు.

మా గల్లీ చివర ఒక దర్జీ ఉన్నాడు. బోధన్ మనిషి. పొద్దుటి నడకలో నాకు తోడు. సంగతి విని తల పంకించాడు. "అన్నా, గుట్టల తొవ్వ దొరకడే తక్లీఫ్. ముందుగాల మనమిద్దరం పోయి నిషాన్లు వెట్టొద్దాం. నా తాన లైనింగ్ ముక్కలు బోలెడున్నయి. ఎర్రయి గడ్తె దూరంకెల్లి గనపడ్తయి."

ఎర్రటివే ఎందుకని నేను అడగలేదు. పచ్చటి చెట్ల మీద ఎరుపు కనపడుతుంది. ఇంతవరకే ఆలోచించాం. చదును నేల మనుషుల తెలివి.

దసరా పోయాక ఒక పొద్దున ఇద్దరం ఎక్కాం. నా భార్య చెప్పిన గుర్తులే ఆధారం. వాన నీళ్లు పారి ఎండిన ఒర్రె వెంట పోవాలి, జంటబండ ఎడమకు రావాలి, ఆ తర్వాత రెండు శిఖరాల నడుమ వంపు. గుట్ట మీద మేక నడిచిన ప్రతి చోటూ బాటలాగే కనపడుతుంది. తప్పుతూ, తిరిగొస్తూ, పరికి ముళ్లు గీసుకుంటూ వంపు దాకా చేరాం. దారి పొడుగునా తంగేడు కొమ్మకో మోదుగ కొమ్మకో ఒక ఎర్ర పీలిక కట్టాం. ఆయన చేతి ముడి ఊడదు, అది ఆయన వృత్తి.

వంపు దగ్గర నీడ లేదు. బాట వదిలి కాస్త పక్కకు పోతే పెద్ద బండ, దాని కింద చల్లగా ఉంది. అక్కడ కూర్చుని రొట్టెలు తిన్నాం. మిగిలిన పీలికలన్నీ పక్కనున్న సీతాఫలం చెట్టుకు తగిలించాడు దర్జీ, పోయేటప్పుడు తీసుకుందామని. అప్పుడే వెనక పొదలో ఏదో కదిలింది.

"అన్నా, రీఛ్!" అన్నాడు.

అది ఎలుగుబంటో నెమలో ఇప్పటికీ తెలియదు. మేము ఎక్కిన వేగానికీ దిగిన వేగానికీ పోలికే లేదు. పీలికలు చెట్టుకే ఉండిపోయాయి.

వెంటనే పోదామనుకున్నాం కానీ ఆమెకు జ్వరం, తర్వాత చుట్టాల పెళ్లి, ఇలా జరుగుతూ పసుపు తవ్వకాలు మొదలయ్యే దాకా వచ్చింది. ఒక పొద్దున ఆమె, నేను ఆటో దిగి గుట్ట మొదట్లో నిలబడ్డాం. ఆమె కర్ర నేలకు తాటించి చూసుకుంది. చెప్పులు విప్పి, గుట్టకు దండం పెట్టి, మళ్లీ వేసుకుంది.

ఒర్రె వెంట మొదటి పీలికలు మేము కట్టినట్టే ఉన్నాయి. వాటిని చూపించి నేను కొంచెం గర్వపడ్డాను కూడా. ఇంకొంచెం పైకి పోయాక ఒక కొమ్మకు రెండు కనపడ్డాయి. ఆ తర్వాత అన్ని వైపులా. మా లైనింగ్ ముక్కలే కాదు, చీర పేలికలు, రుమాళ్లు, పసుపు దారాలు. కుడివైపు చెట్లకూ ఉన్నాయి, ఎడమవైపు చెట్లకూ ఉన్నాయి. ఏది దారి గుర్తో ఏది కాదో తెలియకుండా పోయింది.

అక్కడ ఒక అవ్వ మేకలు కాస్తోంది. మమ్మల్ని చూసి దగ్గరికి వచ్చింది.

"ఏడికి బిడ్డా? అమ్మకు మొక్కనీకి వస్తిరా?"

"ఏ అమ్మ, అవ్వా?" అని అడిగింది నా భార్య.

"ఏ అమ్మో, పేరు ఇంక జెప్పలే. మొన్నమొన్ననే వెలిసింది. కిందికెల్లి మీదిదాంక చెట్టుచెట్టుకు ఎర్రగుడ్డ గట్టించుకుంది."

"ఎవలు గట్టిన్రు?"

"ఎవలన్న గడ్తె ఎరుకైతుండె గద. రాత్రికి రాత్రే వచ్చినయి!"

పట్టపగలు, చెమటలు కక్కుతూ కట్టాం. ఉద్యోగంలో ఎన్నో పుకార్ల పుట్టుక వెతికాను. పుకారు పుట్టిన చోట నేనే నిలబడటం అదే మొదటిసారి. నా భార్య నా వైపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వంపు దగ్గరికి ఎటు పోవాలని అవ్వను అడిగాను.

"గుడ్డలెంబడి పోండ్రి. తప్పరు," అంది.

గుడ్డలు ఎక్కువున్న వైపే పోయాం. ఎండ ఎక్కింది. ఆమె కర్ర మీద బరువు పెరుగుతోంది. నాలుగడుగులకోసారి ఆగి బండను పట్టుకుంటోంది. నొప్పా అంటే లేదంటుంది. చివరికి ఆ గుడ్డలు మమ్మల్ని ఒక పెద్ద బండ దగ్గరికి చేర్చాయి. బండకు పసుపు, కుంకుమ. ముందర కొబ్బరి చిప్పలు. పక్కన సీతాఫలం చెట్టు ఆకు కనపడకుండా ఎర్రబారి ఉంది.

మేము రొట్టెలు తిన్న చోటది.

వంపు అక్కడికి దగ్గరే ఉండాలి, కానీ వచ్చిన దారిలో కొంత వెనక్కి దిగి, మళ్లీ ఎక్కాలి. ఆమె బండ మీద కూలబడి మోకాలు రెండు చేతులతో పట్టుకుంది. కాసేపటికి తల ఎత్తకుండానే అంది.

"ఇగ దిగుదామా?"

ఆమె నోట ఆ మాట వస్తుందని నేను అనుకోలేదు. నీళ్ల సీసా అందించాను. ఆమె తాగి, మూత పెడుతూ సీతాఫలం చెట్టు వైపు చూసింది. లేచింది. కర్ర బండకే ఉంది, అది లేకుండానే నాలుగడుగులు వేసి ఒక కొమ్మ పట్టుకుంది. ఎర్రటి వాటి మధ్య ఒక ఆకుపచ్చ పేలిక, దానికి సన్నటి జరీ.

"గిది నా చీర," అంది. "పోయినేడు అక్కకిచ్చిన."

అక్కకు ఫోన్ చేసింది. అదృష్టం, గుట్ట మీద సిగ్నల్ కింద కన్నా బాగుంది. అక్క వేసిన కేక నాకూ వినపడింది.

"ఏడున్నవే పోరీ?"

"గుట్ట మీద అమ్మ కాడ అక్కా."

"ఆడ్నే ఉండు! నేనొస్తున్న!"

మేము ఆ నీడలోనే కూర్చున్నాం. అక్క మాకు ఎదురుగా, నేను ముళ్లపొదలే అనుకున్న వైపు నుంచి, తల మీద టిఫిను డబ్బాతో ఎక్కి వచ్చింది. రాగానే చెల్లెలి మోకాలు చేత్తో తడిమి, తర్వాత మొహం తడిమింది.

"ఎక్కినవా? నీ కాళ్లతోని ఎక్కినవా?"

"ఎక్కిన గని ఇగ ఎక్కలేననుకున్న."

"ఎందుకు ఎక్కలేవు! నేను మొక్కుకుంటి. నా చెల్లె గుట్టెక్కి వస్తే ఇద్దరం గల్సి అమ్మకు పరమాన్నం వండుతమని మొక్కి గుడ్డ గడ్తిని."

జీవితమంతా నిజానిజాలు తేల్చినవాణ్ని. నోరు తెరవబోయాను. నాకన్నా ముందే నా భార్య నవ్వుతూ చెప్పేసింది. "అక్కా, గీ గుడ్డలు మొదలు గట్టింది ఈయననే. నాకు తొవ్వ తెల్వాలని. బోధన్ దర్జీ భాయ్, ఈయన గల్సి గట్టిన్రు."

అక్క నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. ఒక్క క్షణం కూడా తడబడలేదు.

"గట్టిండు, మంచిదే. మరి గట్టించింది ఎవలు మరిదీ?"

నేను టిఫిను డబ్బా మూత తీశాను.

డబ్బాలో జొన్నరొట్టె, పుంటికూర. తిన్నాక అక్క వచ్చిన వైపే నడిచాం. పొదలు అనుకున్న చోట బాట ఉంది. అవతలి ఊరి ఆడవాళ్లు మొక్కులకు ఎక్కీ దిగీ కొత్తగా వేసింది. ముళ్లు కొట్టి పక్కన పడేశారు, జారే చోట చదును రాళ్లు పేర్చారు. మేకలకు తప్ప ఎవరికీ పట్టని గుట్ట మీద ఇప్పుడు ఇద్దరు పక్కపక్కన నడిచేంత దారి ఉంది. అక్కాచెల్లెళ్లు చేతులు పట్టుకుని ముందు నడిచారు. నేను కర్ర మోస్తూ వెనక. దారి గుర్తుకు ఒక్క పీలిక కూడా నాకు అవసరం పడలేదు.

పొద్దు వాలకముందే అక్క వాకిట్లో ఉన్నాం. నా భార్య గడప మీద కూర్చుని కాళ్లు చాపుకుంది. ఈసారి పోయినట్టుందా అని అడిగాను.

"పోయినట్టుంది," అంది. "గని మొక్కు మిగిలింది కద."

మొక్కు అంటే మొక్కే. నేనూ డాక్టరూ ఏడాది పొడుగునా చెప్పి చేయించలేని పని అది చేయించింది. పరమాన్నం నాటికి కాలు సిద్ధంగా ఉండాలని ఇంటికి తిరిగొచ్చిన మరునాటి నుంచే ఆమె మా గల్లీలో పొద్దునా సాయంత్రం నడవడం మొదలుపెట్టింది. కొత్త బెల్లం మా ఊరి వైపు నుంచి తెచ్చాను. చెరకు నేల మనిషిగా ఆ గుట్టకు నేను ఇవ్వగలిగింది అదే. అక్కాచెల్లెళ్లు ఇద్దరూ బండ దగ్గర మూడు రాళ్ల పొయ్యి పెట్టి వండారు. పొగకు కళ్లు మండుతుంటే ఒకరినొకరు తిట్టుకున్నారు. అవ్వ మేకలు వదిలేసి వచ్చి ఆకు పరిచింది. ఈసారి నా భార్య కర్ర ఇంట్లోనే మరిచిపోయింది, నేనూ గుర్తు చేయలేదు.

ఒక ఆకులో పరమాన్నం కట్టి దర్జీకి తెచ్చాం. ఆయన కత్తెర పక్కన పెట్టి, సంగతంతా విని, ఆకు విప్పి ఒక ముద్ద తిన్నాడు.

"భాభీ నడుస్తుంది గద. అల్లా మెహర్బానీ," అన్నాడు.

ఆయన దుకాణంలో కత్తిరించిన ముక్కలన్నీ సాయంత్రం చీపురు కింద పోతాయి. ఆ రోజు నుంచి ఎర్రటి వాటిని మాత్రం ఏరి, మెషిన్ పక్కన మేకుకు తగిలించిన శుభ్రమైన సంచిలో వేస్తున్నాడు. ఎందుకని నేను అడగలేదు. నిండినప్పుడు ఆయనే చెబుతాడు.