దేవుడు లేడంట, దొర ఉన్నడంట

ఆ రోజుల్లో దేవుడు లేడని నిరూపించడానికి నాకు పావుగంట చాలేది. ఎదుటివాళ్లు అడ్డు తగలకపోతే పది నిమిషాలే. కోదాడలో పుట్టి, బెజవాడలో చదివి, అక్కడి చర్చా వేదికల మీద గొంతు పెంచుకుని వచ్చినవాణ్ణి. ఉద్యోగం మాత్రం లేదు. పంతులు పనికి వెళ్తే, ఎక్కడైనా రెండు నెలలు పాఠాలు చెప్పినట్టు కాగితం తెమ్మన్నారు. అలాంటి కాగితం ఇవ్వగలవారు నాకు తెలిసి సూర్యాపేటలో ఒక్కరే, చర్చి బడులు చూసే పాస్టరుగారు. ఆయనతో నేను అప్పటికి మూడుసార్లు వాదానికి దిగాను. (మూడుసార్లూ నేనే గెలిచాను. ఆ సంగతి ఆయనకు తెలియదు.)

పాస్టరుగారు నన్ను చూసి నవ్వారు. "సముద్రాలు దాటి ఒక కుర్రాడొస్తున్నాడు. మోతె దగ్గర ఒక వాడలో వేసవి రెండు నెలలూ పిల్లలకు ఊరికే చదువు చెబుతాడట. ఆయనకు తెలుగు రాదు, నీకు దేవుడు రాడు. ఇద్దరూ కలిసి ఒక పంతులు పని చెయ్యండి. వారంలో ఇరవై మంది పిల్లలు చేరకపోతే మాత్రం బడి వేరే ఊరికి పోతుంది, నీ కాగితమూ దాంతోనే పోతుంది" అన్నారు.

నేను ఒకరోజు ముందే వెళ్లి వాడ నడుమ నిలబడి చాటాను. "రేపు దొరగారు వస్తున్నారు! మీ పిల్లల్ని పంపించండి!" తెల్లవాళ్లను చర్చివాళ్లు దొరగారనే అనేవారు. మర్యాదగా ఉంటుందని నేనూ అన్నాను. మర్నాడు వాడలో ఒక్క పిల్లవాడు కనబడితే ఒట్టు. (ఒట్ల మీద నాకు నమ్మకం లేదు, నోటి అలవాటు.) నాలుగు రోజులు బడి కోసం ఇచ్చిన పాకలో పలకలూ మేమూ ఒకరి ముఖాలొకరం చూసుకుంటూ కూర్చున్నాం. ఆ తెల్ల కుర్రాడు పాపం నన్నేమీ అనలేదు. రోజూ పొద్దున్నే పలకలు తుడిచి వరసగా పెట్టేవాడు.

నేను తర్కించి కారణం కనిపెట్టాను. మతం మారుస్తారని వీళ్ల భయం! అయిదోరోజు మళ్లీ వాడ నడుమ నిలబడ్డాను. "మతం మార్చడానికి నేను ఒప్పుకోను. అసలు దేవుడే లేడు. ఆ హామీ నాది!" అని గంటసేపు దంచాను. ఒక గుమ్మంలోంచి ఒకాయన పెళ్లాంతో అన్న మాట నాకు స్పష్టంగా వినబడింది. "ఇన్నవానే? దేవుడు లేడంట. దొర మాత్రం ఉన్నడంట." ఆ తలుపు కూడా మూసుకుంది.

చివరికి ఖాళీ కుండల కావడితో బావికి పోతున్న ఒక అవ్వ నా ముందు ఆగింది. "ఓ సారూ, దొరల గడీలు కూలి పదిహేనేండ్లాయె. మల్ల యాడికెల్లి తెచ్చినవయ్యా దొరను? పిల్లల్ని పంపితే వెట్టి చేయించుకుంటడని పరేషాన్ అయితున్నరు."

ఈ జనం ప్రాణాలకు తెగించి వెళ్లగొట్టిన మాటను నేను 'గారు' తగిలించి మరీ వెనక్కి తీసుకొచ్చాను! తేరుకుని ఆ పదానికి ఉన్న రెండర్థాలూ వివరించబోయాను. ఇంతలో కుర్రాడు పాకలోంచి వచ్చి చేతులు జోడించి, పాస్టరుగారు నేర్పిన ఒకే ఒక్క వాక్యం అప్పజెప్పాడు. "నేను మీ సేవకుణ్ణి."

"సేవకుడా? అయితే గా కావడెత్తుమను. దొర నీళ్లు తాగుతడు గని మొయ్యడు."

"అతిథిని అలా అడగకూడదవ్వా..."

"నిన్నడిగిన్నా?"

కుర్రాడికి అవ్వ సైగ అర్థమైంది. బావి దగ్గర కావడి భుజానికెత్తాడు. మొదటి అడుగుకు ముందరి కుండ మోకాలికి తగిలింది. రెండో అడుగుకు వెనక కుండ నడుముకు తగిలింది. "అలా కాదు, ఇలా పట్టు, నిదానం" అని నేను దారి పొడవునా చెబుతూనే ఉన్నాను. వాడ చేరేసరికి నీళ్లన్నీ ఆయన బట్టల్లోనే ఉన్నాయి. తలుపుల వెనక ఎక్కడో ఒక పిల్ల కిసుక్కుమంది. తరువాత వాడంతా విరగబడి నవ్వింది.

"ఓ యవ్వా, గీయన దొర గాదే! పని రాని పోరడు!"

మర్నాటికి పాకలో ఇరవై ముగ్గురు పిల్లలు. ఆయన వాళ్లకు లెక్కలు నేర్పాడు, వాళ్లు ఆయనకు కావడి నేర్పారు. వెళ్లేనాటికి ఒక్క చుక్క ఒలికేది కాదు. 'కావడి సారు' అని పేరు కూడా పడింది.

నాకూ ఒక పేరు పడింది. నీళ్లు ఒలికిన ఆ సాయంత్రమే అవ్వ పెట్టింది. "నువ్వెందుకు పట్టలే? చేతులు కట్టుకోని గిట్ల పట్టు, గట్ల పట్టు అనుకుంట నడిచినవ్. గాయన గాదు బిడ్డా, దొరవు నువ్వే." మర్నాడు నేనూ ఒక కావడి మోశాను. ఎవరూ చూడలేదు. ఎవరైనా చూస్తున్నారేమోనని చూసుకున్నది నేనే.

కాగితం వచ్చింది, మిర్యాలగూడలో ఉద్యోగమూ వచ్చింది. చాలా ఏళ్లకు ఒక సభ కోసం ఆ వాడకు వెళ్లి, సమానత్వం గురించి గొంతెత్తాను. చూపు మందగించిన అవ్వ అరుగు మీదనుంచి, "ఎవలూ, గా దొరేనా?" అంది.

"ఎట్లా గుర్తుపట్టావవ్వా?"

"ఇంకా నిలబడే చెప్తున్నవ్ గద! జర కూసో."

కూర్చున్నాను. దేవుడు లేడన్న మాట మీద ఇప్పటికీ నిలబడే ఉన్నాను. నాలో దొర లేడన్న సంగతే, అవ్వ ముందు, ఇంకా నిరూపించుకోవలసి ఉంది.