మంచుబండిలో ఆముదం

మొన్న ఆదివారం షికాగో పక్క షామ్‌బర్గ్‌లో మా తెలుగు చర్చి కింది గదిలో భోజనాలు చేస్తున్నాం. నా ఎదురుగా కూచున్న కుర్రాడు ఎవరి దగ్గరో పాత స్నోమొబైల్ కొన్నాడట, ఫోన్‌లో బొమ్మ చూపించాడు. మంచు మీద పరిగెత్తే బండి అది. ముందు రెండు స్కీలు, కింద వెడల్పాటి రబ్బరు పట్టా, తాడు లాగితే స్టార్టయ్యే ఇంజను. మేము మంచుబండి అనేవాళ్లం. "ఆంటీ, మీరు అప్పట్లో ఇవి రిపేర్ చేసేవారంట కదా, డాడీ చెప్పారు. ఇది స్టార్ట్ అవ్వట్లేదు" అన్నాడు. ముందు సైలెన్సరులో ఎలుక గూడు పెట్టిందేమో చూడు నాయనా, తర్వాత పెట్రోలు పైపులు వంచి చూడు, పగుళ్లుంటే అన్నీ మార్చెయ్యి అని చెప్పాను. అక్కడితో ఊరుకుంటే పోయేది. "డాడీ ఇంకోటి కూడా చెప్పారు ఆంటీ. అప్పట్లో మీరున్న ఊళ్లో మన తెలుగాయన ఒకడు ఎవరిదో ఇంజన్ పాడుచేస్తే, పాపం ఆ వైట్ ఆయనకి కాలివేళ్లు పోయాయంట. నిజమేనా?" అని నవ్వాడు. ఆ తెలుగాయన నా మొగుడు. నా నోట్లో పులిహోర ముద్ద ఉంది. అది మింగేలోపు వాడు కేకు కోసం లేచిపోయాడు. అందుకని ఇక్కడ చెబుతున్నాను. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. నా మాట ఎక్కడా మెత్తబరచవద్దని దానికి ముందే చెప్పాను.

మేము ఈ దేశపు ఉత్తరం కొసన, మిన్నెసోటాలో, ఒక సరస్సు పక్క ఊరికి వచ్చింది డెబ్భైల చివర్లో. మా బావగారు, అంటే మా ఆయన అన్న, అంతకు చాలా ముందే మిషన్ దొరల సాయంతో వచ్చి, పని నేర్చి, మంచుబండ్ల షాపు పెట్టుకున్నాడు. ఎదురుపడితే నేనెప్పుడూ మీరు అనే అన్నాను, బావగారూ అనే పిలిచాను. ఇక్కడ మాత్రం వచ్చాడు, పోయాడు అనే చెబుతాను. ఆ గౌరవం ఆయనే పోగొట్టుకున్నాడు. వాళ్ల నాన్న కృష్ణా లంకల వైపు ఎడ్లబండ్లు చేసే వడ్రంగి. అన్నదమ్ములిద్దరికీ చక్రమన్నా ఇరుసన్నా పుట్టుకతో వచ్చిన పిచ్చి. తేడా ఒక్కటే. మా ఆయన బండి చెప్పేది వినేవారు. మా బావగారు బండికి చెప్పేవాడు.

షాపులో కొత్త బండ్లు అమ్మడం బావగారి పని, పాతవి బాగుచెయ్యడం మా ఆయన పని. అక్కడ టైము సరిపోక సాయంత్రాలు కొన్నింటిని మా గరాజుకి తెచ్చేవారు. నేను చీర మీద మగవాళ్ల కోటు, చీర కింద మగవాళ్ల ప్యాంటు వేసుకుని బ్యాటరీ లైటు పట్టుకునేదాన్ని. చూడ్డానికి నాటకంలో వేషం సగం మార్చుకున్నదానిలా ఉండేదాన్ని. లైటు పట్టుకునే మనిషికి పని వద్దన్నా వస్తుంది. స్పార్క్ ప్లగ్గు విప్పి మూతి చూడాలి. ఇటుక రంగులో ఉంటే ఇంజను సుఖంగా ఉంది. తెల్లగా కాలితే పెట్రోలు చాలడం లేదు. నల్లగా తడిగా ఉంటే ఎక్కువైంది. ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెట్టి తాడు లాగితే వేలిని గట్టిగా తోసెయ్యాలి, తోయకపోతే లోపల రింగులు అరిగాయని. వేసవిలో మూలన పడేసేముందు ట్యాంకు ఖాళీ చెయ్యాలి, సిలిండరులోకి నాలుగు చుక్కలు ఆయిలు పోసి తాడు మెల్లగా రెండుసార్లు లాగాలి, రబ్బరు పట్టా నేలకి ఆనకుండా చెక్కదిమ్మల మీద ఎత్తాలి. "బండిని పడుకోబెట్టడం తెలిస్తే లేపడం సులువే" అనేవారు మా ఆయన. పిల్లల్ని పడుకోబెట్టే పని మాత్రం ఆయన ఒక్కనాడూ చెయ్యలేదు. అది కూడా రాయమ్మాయ్, ఆయనేం దేవుడు కాదు.

ఇక ఆముదం సంగతి. ఈ బండ్లకి మన ఊళ్లో పాత స్కూటర్లకి పోసినట్టే పెట్రోలులో ఆయిలు కలిపి పొయ్యాలి. లోపల పిస్టనుకి తడి ఆ ఆయిలే. రేసులు ఆడేవాళ్లు అందులో ఆముదం కలుపుతారని ఎవరో బావగారి చెవిన వేశారు. ఇంక ఆయన ఆగలేదు. ఎక్కడినుంచో పెద్ద డబ్బాలతో తెప్పించాడు. నేను మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని షాపుకి వెళ్లేసరికి వెచ్చటి గదిలో పీపా పెట్టుకుని, పెట్రోలులో ఆముదం పోసి తెడ్డుతో తిప్పుతున్నాడు. షాపంతా మా అమ్మమ్మ తలవాసన.

"అన్నయ్యా, ఈ చలికి ఇది కలిసుండదు. పీపా బయట పెడితే విడిపోయి అడుక్కి దిగిపోద్ది" అన్నారు మా ఆయన.

"మన నాన్న చేసిన బండ్ల ఇరుసులు దేంతో తిరిగినయ్‌రా? ఆముదంతోనే కదా. ఒక్క బండన్నా ఆగిందా?"

"అక్కడ మంచు లేదన్నయ్యా."

"నాకు నేర్పుతున్నావా? నిన్ను విమానం ఎక్కించింది ఎవర్రా?"

నేను క్యారేజీ బల్ల మీద పెట్టి గిన్నెలు విప్పాను. మజ్జిగపులుసు, బెండకాయ వేపుడు. ఆ పూట ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తిన్నారు. తర్వాత పీపాని దొర్లించుకెళ్లి వెనక వాకిట్లో మంచులో నిలబెట్టించాడు బావగారు.

ఆ వారమే ఊరి చివర పాడి పశువులున్న ఒక రైతు తన పాత బండికి ఆ పీపాలోంచి ట్యాంకు నింపించుకుపోయాడు. పీపా కుళాయి అడుక్కి జానెడు పైన ఉంటుంది. ఆముదమంతా అడుక్కి దిగి గడ్డలా కూచుంది, కుళాయిలోంచి వచ్చింది వట్టి పెట్రోలు. గడ్డకట్టిన సరస్సు మధ్యలో పిస్టను పట్టేసి బండి నిలిచిపోయింది. ఆయన ఎదురుగాలిలో ఒడ్డుదాకా నడిచొచ్చాడు. ఎడమ కాలి వేళ్లు నల్లబడిపోతే ఆసుపత్రిలో తీసేశారు. మా ఆయన ఇంజను విప్పి పిస్టను నా చేతికిచ్చారు. నాలుగు వైపులా గోళ్లతో రక్కినట్టు చారలు. "చూడవే, పొడిగా తిరిగింది. తడి చుక్క లేదు" అన్నారు. మరునాడు అదే పిస్టను బావగారు నలుగురి ముందూ బల్ల మీద పెట్టి, మా తమ్ముడు కార్బ్యురేటరు తప్పుగా తిప్పాడు, కొత్తవాడు, ఇంకా పని రాలేదు అని చెప్పాడు. మా ఆయన పక్కనే నిలబడి ఉన్నారు.

ఇంటికొచ్చాక దులిపేశాను. "నోరు పడిపోయిందా? నేను చూశాను కదా, నేను చెబుతాను" అన్నాను. "మనం ఈ దేశంలో ఉండే కాగితాలు ఇంకా అన్నయ్య చేతిలోనే ఉన్నాయే. పిల్లల్నేసుకుని ఎక్కడికి పోతాం?" అన్నారు. ఆ ఒక్క మాటతో నా నోరు కట్టేశారు. ఊరు మాత్రం నోరు కట్టుకోలేదు. బార్బరు దగ్గరా, పాలకేంద్రంలోనూ అదే మాట. ఆసుపత్రి ల్యాబులో అప్పట్లో ఒక తెలుగాయన ఉండేవాడు, కొన్నేళ్లకి ఉద్యోగం మారి పోతూ ఆ అబద్ధాన్ని కూడా సామాన్లలో పెట్టుకుని పోయాడు. మొన్నటి కుర్రాడు ఆయన కొడుకే. ఆ పిస్టను గొడవ తర్వాత మా ఆయన పానా ముట్టుకోలేదు. బంగాళదుంపల గోదాములో బస్తాలెత్తే పనికి పోయారు. కాగితాలు చేతికొచ్చాక కూడా నోరు విప్పలేదు, అప్పటికి మౌనం అలవాటైపోయింది. ఎనభైల మొదట్లో ఒక చలికాలం ఆ బస్తాల మధ్యనే గుండె ఆగి పడిపోయారు. సమాధి దగ్గర బావగారు చేతులెత్తి ప్రార్థన చేశాడు. ముందు తెలుగులో, తర్వాత వచ్చినవాళ్ల కోసం ఇంగ్లీషులో. "ప్రభువా, నా తమ్ముడి చేతి తప్పును క్షమించుము" అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేదు. ఆయన బూట్ల వైపు చూస్తూ, నీ సంగతి చూస్తాను అనుకున్నాను.

ఎలా చూడాలో తెలియక కొన్నాళ్లు మోటెల్లో గదులు తుడిచాను. తర్వాత గరాజులో మా ఆయన పానాలు కిరోసిను పెట్టి తుడిచి, ఇంటి ముందు అట్ట కట్టాను. మా పెద్దమ్మాయి రాసిపెట్టింది, పాత మంచుబండ్లు బాగుచేయబడును అని. ఎవరూ రాలేదు. అప్పుడు నేనే ఆ పాడిరైతు కొట్టానికి వెళ్లాను, నా చిల్లర ఇంగ్లీషుతో. మందుల షాపులో కొన్న ఆముదం, పెట్రోలు గాజుసీసాలో కలిపి, కోటు లోపల వెచ్చగా పెట్టుకుని పట్టుకెళ్లాను. ఆయన నన్ను చూడగానే మొహం తిప్పుకున్నాడు. సీసా చూపించాను, రెండూ కలిసి చక్కగా ఒకే రంగులో ఉన్నాయి. దాన్ని ఆయన కంచె మీద మంచులో పెట్టి, "వెయిట్" అన్నాను. ఆయన పాలు పితికేంతసేపూ ఒక తొట్టి మీద కూచున్నాను. వచ్చి చూస్తే అడుగున తేనెలా ఆముదం, పైన నీళ్లలా పెట్రోలు. ఆయన దాన్ని వంచాడు, తిప్పాడు, చాలాసేపు చూశాడు. "హూ మిక్స్‌డ్ ఇట్?" అని అడిగాడు. నేను చెప్పొచ్చు. చెబితే పెళ్లాం మొగుడి వైపు మాట్లాడుతోందంటారు. అందుకని, "కలిపినవాడే చెబుతాడు, నువ్వు వింటావు" అన్నాను. మరునాడు తన బండి నా గరాజుకి తోలుకొచ్చాడు. తర్వాత తన చుట్టాలవి పంపాడు.

అలా ఏళ్లు నడిచాయి. బావగారి షాపులో కొత్త బండ్లే మిగిలాయి, పాతవన్నీ నా దగ్గరికొచ్చాయి. ఒక్కో బండి ఆ షాపు దాటి నా వాకిట్లోకి తిరిగినప్పుడల్లా నాకు కడుపు నిండేది. అబద్ధం చెప్పను, అన్నం కూడా అంత నిండుగా అనిపించేది కాదు.

ఎనభైల చివర్లో క్రిస్మస్ ముందు రోజు ఆయనే వచ్చాడు. ఏటా తన పాత మంచుబండి మీద క్రిస్మస్ తాతని ఎక్కించుకుని చర్చి వాకిట్లోకి తీసుకెళ్లడం ఆయన గొప్ప. ఊరంతా చప్పట్లు కొట్టేది. ఆ పొద్దున అది కదల్లేదు. ఆయన దగ్గరున్న కుర్ర మెకానిక్కులకి కొత్తవే తెలుసు.

"అమ్మాయ్, కొంచెం చూడమ్మా. సాయంత్రం పిల్లలు ఎదురుచూస్తారు" అన్నాడు.

"పెట్టండి బావగారూ" అన్నాను.

నా గరాజులో పొయ్యి చుట్టూ ఎప్పటిలాగే నలుగురైదుగురు కూచుని కాఫీ తాగుతున్నారు, పాడిరైతు కూడా ఉన్నాడు. ప్లగ్గు విప్పాను, ఎండిపోయి ఉంది. పెట్రోలు రావడం లేదన్నమాట. పంపు విప్పితే లోపలి రబ్బరు పొర బిస్కట్టులా బిగుసుకుంది. వేరేది వేశాను. బండి ఉరక్కుండా ముందే బెల్టు తీసి పక్కన పెట్టుకున్నాను. ఇంజను తిప్పినా, ఆ బెల్టు లేకపోతే పట్టా అంగుళం కదలదు. తాడు లాగాను, మోగింది.

ఆయన మొహం విప్పారింది. "అచ్చం వాడి చెయ్యే నీది" అన్నాడు.

"ఆ చెయ్యి తప్పు చేసిందని సమాధి దగ్గర ప్రార్థన చేశారు కదా బావగారూ."

"బెల్టు ఇలా ఇవ్వమ్మా, టైమవుతోంది."

"ఆ ఆముదం ఎవరు కలిపారో చెప్పండి, ఇస్తాను."

"ఇప్పుడెందుకమ్మా ఆ గొడవంతా. పైన దేవుడున్నాడు, ఆయనకి తెలుసు."

"ఆయనకి తెలుసు. ఈ కూచున్నవాళ్లకి తెలియదు. వీళ్లకి తెలుగు రాదు, ఇంగ్లీషులో చెప్పండి."

బెల్టు నా చేతిలో ఉంది. ఆయన తలుపు వైపు చూశాడు, బండి వైపు చూశాడు. పెదవులు కదిపాడు. నేను ఇంజను ఆపలేదు. "మోతలో వినపడలేదు బావగారూ" అన్నాను. మళ్లీ అన్నాడు. "వెనక కూచున్నవాళ్లకి వినపడలేదు" అన్నాను. యాక్సిలరేటరు ఇంకాస్త నొక్కాను. అప్పుడు అరిచాడు. "ఐ మిక్స్‌డ్ ఇట్. నాట్ మై బ్రదర్. మై బ్రదర్ టోల్డ్ మీ నో." మెడ నరాలు ఉబ్బేలా అరిచాడు. నేను ఇంజను ఆపాను. పొయ్యిలో కట్టె చిటపటలు వినిపించాయి. పాడిరైతు కాఫీ కప్పు కింద పెట్టి, కుంటుకుంటూ వెళ్లి తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాడు. బెల్టు బావగారి చేతిలో పెట్టాను. తొడగమని అడుగుతాడని చూశాను, అడగలేదు. సిమెంటు నేల మీద మోకాళ్లు ఆన్చి, రెండుసార్లు జారవిడిచి, తనే బండికి తొడిగాడు. నేను సాయం చెయ్యలేదు. పైన నిలబడి చూశాను.

ఆ సాయంత్రం బండి బాగైనా బావగారు చర్చికి రాలేదు, క్రిస్మస్ తాత కారులో వచ్చాడు. ఆ చలికాలం గడిచేలోపు బావగారు షాపు తాళం వేసుకుని ఫ్లోరిడా పోయాడు, అక్కడే పోయాడు. కబురొచ్చినప్పుడు నేను ఎవరిదో కార్బ్యురేటరు కడుగుతున్నాను, కడగడం పూర్తిచేశాకే చేతులు తుడుచుకున్నాను. మా పాస్టరుగారు ఒకసారి అడిగారు, క్షమించావా అమ్మా అని. క్షమించడానికి నేనెవర్ని, క్షమించాల్సిన మనిషి ఆ మంచు కింద ఉన్నారు, వెళ్లి ఆయన్నడగండి అన్నాను. కాలం నా దగ్గర తీసుకోవాల్సినవన్నీ తీసుకుంది. మోకాళ్లు తీసుకుంది, పళ్లు తీసుకుంది, మా ఆయన గొంతు ఎలా ఉండేదో అది కూడా తీసేసుకుంది. ఇప్పుడు చెవులు తీసుకుంటోంది. ఎదురుగా కూచుని మా కోడలు అడిగేది కూడా సరిగా వినపడటం లేదు. బావగారు అరిచిన ఆ అరుపు మాత్రం, ఆ ఇంజను మోత మీదుగా, ఒక్క అక్షరం పోకుండా వినిపిస్తూనే ఉంది.