చేతులు చాపు ఫింటన్

అట్రాక్టా గావిగన్ నోటికి జడవనివాడు కిల్టార్నెట్‌లో లేడు. ముప్పై ఏళ్లు పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుని, ఎవరింటికి ఏ ఉత్తరం వచ్చిందో తెలిసి కూడా ఒక్క ముక్క బయటపెట్టని మనిషి. తన అభిప్రాయాలు మాత్రం అడక్కుండానే పంచిపెట్టేది. రిటైరయ్యాక ఆవిడకు మిగిలిన సంబరం ఒక్కటే, ఆదివారం పూజలో ఫాదర్ పక్కన నిలబడి జనానికి సత్ప్రసాదం, అంటే క్రీస్తు శరీరంగా భావించే అప్పం, ఇవ్వడం. ఇరవై రెండేళ్లలో ఒక్క వారం మానలేదు. తుంటి ఎముక ఆపరేషన్ సోమవారం చేయించుకుని, ఆదివారానికల్లా కర్ర పట్టుకుని హాజరైంది మహాతల్లి.

ఆ ఏడు మే నెలలో ఐర్లండ్ అంతా ఒకటే రభస. గర్భస్రావాన్ని నిషేధించే రాజ్యాంగ సవరణ ఉంచాలా, ఎత్తెయ్యాలా అని ఓటింగు. అట్రాక్టా కోటుకి, ఎత్తెయ్యడం 'వద్దు' అనే బిళ్ల తగిలించుకుని ఇంటింటికీ తిరుగుతోంది. ఆ ప్రాంతపు పార్లమెంటు సభ్యుడు ఫింటన్ మల్డెరిగ్ ఏమో రేడియోలో, "నేను కతోలికుణ్ణే, నా మటుకు నాకది తప్పే. కానీ నా విశ్వాసాన్ని చట్టం చేసి అందరి నెత్తినా రుద్దలేను. ఎత్తెయ్యమనే ఓటేస్తాను" అన్నాడు.

ఆ ఫింటన్ ఎవరనుకున్నారు? అట్రాక్టా జ్ఞానపుత్రుడు. జ్ఞానస్నానం నాడు ఒళ్లో పెట్టుకుని గుడికి తీసుకెళ్లింది ఆవిడే. ఇంక ఊరుకుంటుందా? బేకరీ ముందు దొరకబుచ్చుకుంది.

"ఏరా, విశ్వాసమంటే గొడుగనుకున్నావా, పార్లమెంటు గుమ్మంలో వదిలేసి లోపలికెళ్లడానికి?"

"తడి గొడుగు లోపలికి తీసుకెళ్తే పక్కవాళ్ల బట్టలు తడుస్తాయి పిన్నీ."

"కబుర్లకేం తక్కువ లేదు. మీ అమ్మ ఉంటే చెవి మెలేసేది."

"మా అమ్మ ఎటు ఓటేసేదో మీకు తెలుసా?"

అట్రాక్టాకి తెలీదు. ప్రాణస్నేహితురాలే, అయినా తెలీదు. అందుకే ఇంకా ఒళ్లు మండింది.

శనివారం ఫాదర్ డెక్లన్ ఆవిణ్ణి పిలిపించాడు. కొత్తగా వచ్చిన గురువు, గొంతు మెత్తన, మాట గట్టి.

"రేపు ఫింటన్ మీ వరసలోకి వస్తే సత్ప్రసాదం ఇవ్వకండి. దీవించి పంపెయ్యండి. ఇచ్చారంటే సత్ప్రసాదం పంచేవాళ్ల జాబితాలోంచి మీ పేరు తీసెయ్యాల్సొస్తుంది."

"అలాగే ఫాదర్" అని వచ్చేసింది గానీ, ఆ పూట అన్నానికి బదులు టీతోనే సరిపెట్టుకుంది.

సత్ప్రసాదం తీసుకోనివాళ్లు చేతులు గుండెల మీద అడ్డంగా పెట్టుకుని వస్తారు, దీవెన అందుకుని వెళ్తారు. ఆదివారం ఫింటన్ సరిగ్గా అలాగే వచ్చాడు. ఫాదర్ చెప్పిన సంగతి ఈపాటికి ఊరంతా తెలుసు. అతనికీ తెలుసు. నుదుట సిలువ గుర్తు వేసి పంపితే సరిపోయేది. అట్రాక్టా కదల్లేదు.

"చేతులు చాపు" అంది మెల్లగా.

"వద్దు పిన్నీ. నా వల్ల మీకు మాట రాకూడదు."

"నా సంగతి నిన్నడిగానా? నీకు కావాలా వద్దా, అది చెప్పు."

"కావాలి."

"అయితే చాపు. వెనక జనం ఉన్నారు."

చాపాడు.

"క్రీస్తు శరీరం."

"ఆమెన్."

పూజ అయిన పది నిమిషాలకి జాబితాలో అట్రాక్టా పేరు లేదు. ఆవిడ వాదించలేదు. శుక్రవారం వెళ్లి 'వద్దు' అనే ఓటేసింది. ఎత్తెయ్యమన్నవాళ్లే గెలిచారు. శనివారం లెక్కింపు వింటూ రేడియో ముందు కూర్చుని ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే ఫింటన్ ఆపిల్ కేకు పట్టుకుని వచ్చాడు.

"కోపం పోయిందా పిన్నీ?"

"పోలేదు. పోదు కూడా. నువ్వు చేసింది తప్పేనంటాను, చచ్చేదాకా."

"మరి ఆ రోజు ఎందుకిచ్చారు?"

"నాదైతే నీకు ఒక్క ముక్క ఇచ్చేదాన్ని కాదురా. నాది కాదుగా."

ఫింటన్ కారు తాళాలు అందుకున్నాడు. "పూజకి కారులో దింపుతాను. అరగంట ముందే వెళ్దామా, మీకు అలవాటేగా" అన్నాడు.

"వేళకి వెళ్తే చాలు" అంది అట్రాక్టా. "ముందెళ్లి నేను చేసే పనేముందిరా ఇప్పుడు" అని, కళ్లు తుడుచుకుంది.